ఊరికావలి



ఒక పల్లెలో ఒకనాటి రాత్రి ఒక ఇంట కన్నము పడినచో అది ఆ ఇంటివారి దుఃఖము. వారము తిరుగకముందే మరియొక ఇంటను, పొరుగూర ఇంకొక ఇంటను తాళములు పగిలినచో అది అందరి దుఃఖము. పోయిన బంగారముకంటె పోయిన నిద్రయే అప్పుడు ఎక్కువగా బాధించును. అరుగుమీద పండుకొను వృద్ధుడు లోపలికి చేరును. రాత్రివేళ పొలమునకు నీరు కట్టబోవు రైతు ఇల్లు విడుచుటకు వెనుదీయును. పెండ్లికి తరలవలసిన కుటుంబములో ఒకరు ఇంటికాపుగా నిలిచిపోవుదురు. అట్టి దినములలోనే రచ్చకట్టకడ నలుగురు కూడి, “మన ఊరిని మనమే కాచుకొందము” అని నిశ్చయింతురు. కఱ్ఱలు, దీపములు చేతబట్టి యువకులు వీధులు తిరుగుదురు.

ఈ నిశ్చయము మంచిది. క్రొత్తదియు కాదు. మన పెద్దలు వేల యేండ్లుగా ఊరిని కాచుకొనుచునే యుండిరి. అయితే వారి కావలి వట్టి మేలుకొనుట మాత్రమే కాదు. దానికి మూడు కట్టుబాట్లు ఉండెను. కాచువాడెవడో తెలిసియుండవలెను. కాపు తప్పినచో బాధ్యత యెవరిదో ముందే యేర్పడియుండవలెను. పట్టినవాడు వేరు, తీర్పు చెప్పువాడు వేరుగా ఉండవలెను. ఈ మూడును నిలిచిన కాలమున కావలి ఊరికి కోటయైనది. వీనిలో ఏది సడలినను ఆ కావలియే ఊరికి కీడైనది. ఈ సంగతిని చరిత్రనుండి చూపుటయే నేటి నా ప్రసంగమునకు ప్రయోజనము.

మా కుసుమంచిలోని గణపేశ్వరాలయమును, ముక్కంటేశ్వరాలయమును మీలో పెక్కుమంది చూచియుందురు. అవి కాకతీయులనాటి కట్టడములు. ధాన్యమునకు, పశువులకు, బాటసారులకు రక్షణ లేని నాట ఇంతటి రాతి కట్టడము లేవదు. ఆ వంశమువాడైన గణపతిదేవ చక్రవర్తి 1244-45 ప్రాంతమున సముద్రతీరమున మోటుపల్లిలో ఒక అభయశాసనము వ్రాయించెను. అంతకుముందు తుపానున చిక్కి ఒడ్డున పడిన ఓడలలోని సరకును ఆయా తీరములనేలు రాజులు కాజేయుచుండెడివారు. గణపతిదేవుడు అది తగదని, తనకు రావలసిన సుంకము మాత్రము గైకొని, మిగిలిన ధనమును వర్తకులకే విడిచిపెట్టెను. ప్రజల ధనము కాచెదనను ప్రభువు మొదట తన చేతిని కట్టుకొనవలెను గదా. రక్షణకు మొదటి మెట్టు అదియే.

దొంగతనమును గూర్చి మన ధర్మశాస్త్రములు ఏమి చెప్పుచున్నవి? యాజ్ఞవల్క్యస్మృతి ఈ విషయమున మిక్కిలి స్పష్టమైనది. దొంగలెత్తుకొనిపోయిన సొత్తును రాజు ప్రజలకు ఇప్పింపవలెనని అది విధించుచున్నది. ఊరిలో దొంగతనము జరిగి, దొంగల జాడ ఊరు దాటినట్లు కనబడనిచో దోషము గ్రామాధికారిదే. బీడులో జరిగినచో ఆ బీడును కాచువానిది. అడుగుజాడ ఏ గ్రామములోనికి పోయినదో ఆ గ్రామము సొమ్ము కట్టుకొనవలెను. ఊరికి క్రోశెడు దూరము వెలుపల జరిగినచో చుట్టుపట్ల అయిదూళ్లో పదియూళ్లో కలిసి ఇచ్చుకొనవలెను. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన వ్యాఖ్యానము మితాక్షర. దానిని ఆధారము చేసికొని పదుమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన తెలుగున విజ్ఞానేశ్వరీయమును రచించెను. అనగా ఈ న్యాయము సంస్కృతము నేర్చిన పండితులకడనే నిలిచిపోక, తెలుగు చదువరుల చేతికిని వచ్చినదన్నమాట.

ఈ విధిలోని లోతును కొంచెము ఆలోచింపుడు. పొలిమేరవరకు జాడ చూపగలిగిన ఊరు బరువు దించుకొనును. చూపలేని ఊరు మోయును. కాబట్టి పొరుగూరివారు తమలో తాము, “మాకేమి, అది మీ ఊరి సంగతి” అని ఊరకుండుటకు వీలులేదు. దొంగకు ఆశ్రయమిచ్చిన ఊరు తన గాదెనుండి ధాన్యము కొలిచి ఇయ్యవలసినదే. ఇట్లు ఒక ఊరి కన్నము పదియూళ్లను మేల్కొలుపును.

ఈ జాడ పట్టువాడే మన తలారి. ఆ పేరు మిక్కిలి పాతది. నాగార్జునకొండలో దొరకిన ఇక్ష్వాకుల శాసనములు మూడవ శతాబ్దివి. వానిలో మహాతలవరులను గొప్ప అధికారులు కనబడుచున్నారు. తలవరుడను ఆ మాటయే కాలక్రమమున తలారి యైనదని పండితుల యభిప్రాయము. ఒకనాడు రాజబంధువులు ధరించిన బిరుదు చివరకు ఊరి కావలివాని పేరైనది. విజయనగరకాలమునాటికి అతడు పన్నిద్దరు ఆయగాండ్రలో ఒకడు. పంట నూర్చిన కళ్లమున అతనికి మేర కొలుచుచుండిరి. కొన్నియెడల మాన్యముండెడిది. అనగా అతని జీతము ఊరి పంటతో ముడివడియున్నది. ఊరు దోపిడిపడినచో అతని గింజలును పడిపోవును.

1812లో ఇంగ్లండు పార్లమెంటునకు సమర్పింపబడిన అయిదవ నివేదికలో మన గ్రామోద్యోగుల పనులు వ్రాసియున్నవి. నేరములను గూర్చి సమాచారము రాబట్టుట, బాటసారులను ఒక ఊరినుండి మరియొక ఊరివరకు కాపుగా సాగనంపుట తలారి పనులు. ఊరిలోపల పంటను కాచుట, కొలతలకు సాయపడుట తోటి పని. రెండవ కర్తవ్యమును గమనింపుడు. క్రొత్తవాడు ఊరికి వచ్చినప్పుడు తలారి అతనిని అనుమానించువాడు మాత్రమే కాదు. అతనిని క్షేమముగా దాటించువాడు కూడ. ఎవరు వచ్చిరి, ఎవరింట దిగిరి, ఎప్పుడు పోయిరి అను వివరము అతనికి తెలియును. తెలియుటచేతనే దొంగను దొంగగాను, అతిథిని అతిథిగాను గుర్తింపగలిగెను.

నిజాము రాజ్యమున మన ప్రాంతపు గ్రామములలో పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారి ఉండిరి. వారి క్రింద సేత్‌సింధీలు మొదలగు గ్రామసేవకులు కావలి కాచిరి. ఆ సేవకులకు తగిన గౌరవము గాని, కష్టమునకు తగిన ఫలము గాని దక్కలేదని చెప్పక తప్పదు. వారిలో ఎందరో వెట్టిచాకిరిలో నలిగిపోయిరి. రాత్రియెల్ల మేల్కొని ఊరిని నిద్రపుచ్చినవానికి పగలు ఊరిలో పీట లేకపోయెను. ఇది మన పెద్దల లోపము. దానిని దాచిపెట్టి పూర్వవైభవమును మాత్రమే పొగడుట చరిత్ర కాదు. 1984లో వంశపారంపర్య గ్రామోద్యోగములు రద్దయినవి. దానితో పెత్తనము తొలగినది. మంచిదే. కాని ఊరిలోనికి వచ్చిపోవువారిని ఎరిగియుండు బాధ్యతయు అప్పటినుండి ఎవరిదియు కాకపోయినది.

ఇక ఈ కట్టుబాట్లు సడలినప్పుడు జరిగిన కీడులను చూతము. దక్షిణ జిల్లాలలో కావలి హక్కు పాళెగాండ్ర చేతిలో పడెను. కావలిరుసుము చెల్లించిన ఊరు క్షేమముగా నుండెను. చెల్లింపని ఊరిమీద రాత్రి దొంగలు పడుచుండిరి. ఆ దొంగలు కావలివారి మనుష్యులేయని ఊరందరికి తెలియును. తెలిసినను చెప్ప ధైర్యములేదు. కంచెయే చేను మేసినట్లయినది. బాధ్యత పోయి హక్కు మాత్రము మిగిలినప్పుడు కావలికిని దోపిడికిని భేదము నశించును. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో కుంపినీ ప్రభుత్వము ఆ హక్కులను తీసివైచెను. 1816లో చెన్నపట్టణపు ప్రభుత్వము పదునొకండవ రెగ్యులేషనును గావించి, గ్రామపెద్దలకు పోలీసు అధికారములు ఒసగి, తలారులను వారి క్రింద ఉంచెను.

ఆ 1816వ సంవత్సరముననే ఊరికావలి ఎంతవరకు చాలునో, ఎచట చాలదో తెలుపు ఘోరమొకటి సంభవించెను. ఫిబ్రవరిలో నర్మదను దాటిన పిండారీ గుఱ్ఱపుదండు నిజాము రాజ్యము మీదుగా దిగి, మార్చి 10వ తేదీన మచిలీపట్టణము జిల్లా పడమటి పొలిమేరలో కనబడెను. ఆ పొలిమేర మన ఖమ్మము సీమను ఆనుకొనియున్నదే. 11వ తేదీన 72 గ్రామములను, 12వ తేదీన 54 గ్రామములను దోచి, వారు గుంటూరు చేరిరి. ఖజానాను కలెక్టరుగారి ఇంట చేర్చి కొలదిమంది సిపాయిలు కాపాడిరి. పట్టణమును కాపాడ ఎవరికి సాధ్యముకాలేదు. దండు కడప సీమవైపు సాగి, 22వ తేదీన కృష్ణను దాటిపోయెను. ఆ పండ్రెండు దినములలో 339 గ్రామములు దోపిడిపడినవి. 182 మంది చంపబడిరి. 505 మంది తీవ్రముగా గాయపడిరి. దాచిన ధనము చూపుమని 3,603 మందిని చిత్రహింసలు పెట్టిరి. ఒక గ్రామమున జనులు మానరక్షణకై తమ ఇండ్లకు తామే నిప్పుపెట్టుకొని ఆలుబిడ్డలతో ఆహుతియైరి.

తలారి కఱ్ఱ కన్నపుదొంగకు చాలును. దండుగా వచ్చిన దొంగకు చాలదు. అచట ప్రభుత్వము అండగా నిలువవలెను. ప్రభుత్వమే ఎదురు తిరిగినచో ఏమగునో మన తాతలు 1948లో చూచిరి. నేటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లి ప్రజలు రజాకార్ల దోపిడి కాగలేక రక్షణదళముగా ఏర్పడి, తమ పాత బురుజునే స్థావరము చేసికొని, వచ్చిన దాడులను తిప్పికొట్టిరి. ఆగస్టు 27వ తేదీన రజాకార్లు నిజాము పోలీసు బలముతో కూడివచ్చి ఆ ఊరిపై పడిరి. ఎనుబదిమందికి పైగా నేలకూలిరి. మూడు వారములు గడచిన పిదప, సెప్టెంబరు 17న నిజాము రాజ్యము లొంగిపోయెను. ఆ బురుజు నేటికిని నిలిచియున్నది. ఊరు ఒక్కటియై నిలుచుట ఎంత గొప్పదో, ధర్మముగల ప్రభుత్వము వెనుక లేనిచో ఆ ఐక్యమునకు ఎంత వెల చెల్లింపవలసివచ్చునో అది మనకు చెప్పుచున్నది.

ఇంతవరకు చెప్పినది దొంగవలన వచ్చు భయము. ఇక చెప్పబోవునది మన భయమువలన పుట్టు కీడు. ఇది మొదటిదానికంటె సూక్ష్మమైనది.

ఆదిపర్వములోని మాండవ్యుని కథ మీరందరు ఎరిగినదే. ఆ మహర్షి మౌనవ్రతమున తపస్సు చేయుచుండెను. రాజభటులు తరుముకొనిరాగా దొంగలు సొమ్ముతో అతని ఆశ్రమమున దూరి దాగిరి. భటులు వచ్చి, “దొంగలెటు పోయిరి?” అని అడిగిరి. మౌని పలుకలేదు. వెదకగా సొమ్ము, దొంగలు ఆశ్రమములోనే దొరకిరి. పలుకకుండుటయే నేరమునకు సాక్ష్యమైనది. దొంగలతోపాటు అతనిని కూడ శూలమునకు ఎత్తిరి. తరువాత రాజు పాదములపై పడినను శూలపు మొన ఒంటిలోనే నిలిచిపోయి, ఆ మహర్షి అణిమాండవ్యుడయ్యెను. పైపై గురుతులను నమ్మి తీర్పు చెప్పరాదనుటకు స్మృతికారులు సైతము ఈ మాండవ్యునే ఉదాహరించిరి. ప్రశ్నింపగా నోరెండుట, గొంతు తడబడుట దొంగ లక్షణములని శాస్త్రము చెప్పినమాట నిజమే. అయినను భయపడిన అమాయకునికి సైతము నోరెండును గదా! కావుననే పట్టుట ఒకరి పని, విచారించుట మరియొకరి పనియైనది.

ఈ వివేకమును మరచి, ఆంగ్లప్రభుత్వము 1871లో నేరస్థజాతుల చట్టము చేసెను. మనిషి చేసిన పని కాక పుట్టిన కులమే నేరమైనది. 1911లో ఆ చట్టము చెన్నపట్టణపు రాజధానికిని వ్యాపించెను. మన ఎరుకలవారు పూర్వము ఎద్దులమీదను గాడిదలమీదను ఉప్పు, ధాన్యము మోసి ఊరూర అమ్ముకొనినవారు. రైలుబండ్లు, ఉప్పుపన్ను వచ్చి వారి బేరము చెడినది. బ్రదుకుతెరువు పోయినవారిని తిరుగుబోతులని, తిరుగువారిని దొంగలని వ్రాసికొనిరి. పురుషులు అధికారులయెదుట హాజరు వేయించుకొనవలెను. అనుమతి లేక ఊరు విడువరాదు. బాపట్ల సమీపమున స్టువార్టుపురము మొదలగుచోట్ల వారికై ప్రత్యేక వసతులు ఏర్పరచిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1952 ఆగస్టు 31న ఆ చట్టము దేశమంతట రద్దయినది. కాగితముమీది ముద్ర చెరిగినది. మనసులలోని ముద్ర అంత త్వరగా చెరుగలేదు.

చెరుగలేదనుటకు నిదర్శనము 2018లో మన తెలంగాణముననే కలిగినది. ఆ వేసవిలో, ఉత్తరదేశమునుండి పార్థీ ముఠా దిగినదని, రాత్రులు ఇండ్లు దోచి మనుష్యులను చంపుచున్నదని, పిల్లలను ఎత్తుకొనిపోవుచున్నదని సెల్‌ఫోనులలో వాట్సాపు ద్వారా వదంతులు వ్యాపించినవి. పార్థీ యనునది ఒక జాతి పేరు. ఆ పాత చట్టము ముద్ర వేసిన జాతులలో అదియు ఒకటి. భయపడిన పల్లెలలో యువకులు కఱ్ఱలు పట్టి రాత్రులు కాపుకాచిరి. వారి ఉద్దేశము ఊరిని కాచుటయే. కాని ఆ మే నెలలో నిజామాబాదు, యాదాద్రి జిల్లాలలోను, హైదరాబాదు నగరములోను నిరపరాధులను దొంగలని తలచి మూకలు కొట్టి చంపినవి. ప్రాణము పోయిన పిదప వారు దొంగలు కారని తేలెను. మాండవ్యుని శూలము మరల లేచినది. ఈసారి దానిని ఎత్తినది రాజు కాదు. ఊరు!

ఆ రోజులలోనే జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలలో వేరొక రీతి నడచినది. అచటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరిగారు ఒక్కొక్క గ్రామమునకు ఒక్కొక్క పోలీసు ఉద్యోగిని కేటాయించి, వారు తరచుగా ఆ ఊళ్లకు పోయివచ్చునట్లు ఏర్పరచిరి. వదంతి పుట్టినదని తెలియగానే ఆ ఉద్యోగులు డప్పు మ్రోగించి, పాటలు పాడి, ఆ మాట అబద్ధమని ఇంటింట నచ్చజెప్పిరి. నాలుగువందల గ్రామములలో ఈ పని జరిగెను. అచట వదంతివలన ఒక్క ప్రాణమును పోలేదు. పరికించి చూడగా ఇది మన పాత తలారి పద్ధతియే. ఊరికి ఒక తెలిసిన మనిషి. ఆతని మాటకు ఒక నమ్మకము. వెనుక చట్టము.

కాబట్టి పెద్దలారా! మీ ఊర దొంగతనములు వరుసగా జరిగి, కావలి పెట్టవలసివచ్చినచో తప్పక పెట్టుడు. అయితే మొదట ఒక పుస్తకము తెరువుడు. ఏ రాత్రి ఏ వీధికి ఎవరు కాపో దానిలో వ్రాసి, ఆ పట్టికను పోలీసు స్టేషనులో చూపుడు. పేరు వ్రాయించుకొనని వానికి చేత కఱ్ఱ ఇయ్యకుడు. త్రాగి వచ్చినవానిని ఇంటికి పంపుడు. గుంపునకు ముందు ఒక వయసు మీరినవాడు నడువవలెను. ఊరు విడిచి పోవు కుటుంబములు పొరుగింటివారికి చెప్పి పోవలెను. పోయిన సొమ్మును గూర్చి ఉదయమే ఫిర్యాదు చేయవలెను. వాకిట చీపురు తగులకముందే అడుగుజాడలను కాచియుంచవలెను. నాటి జాడశాస్త్రమునకును నేటి వేలిముద్రల శాస్త్రమునకును అదియే ప్రాణము. వీధిలో కెమెరా పెట్టించుకొన్న మేలే. అది నిదురింపని కన్ను. కాని దానికి నోరు లేదు. “అయ్యా, మీరు ఎవరింటికి వచ్చితిరి? దాహము పుచ్చుకొందురా?” అని అడుగవలసినది మనమే.

నిజముగా దొంగ చిక్కినచో ఏమి చేయవలెను? 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 40వ సెక్షను దీనిని చెప్పుచున్నది. తన కన్నులయెదుట పెద్ద నేరము చేయువానిని సామాన్యుడును పట్టవచ్చును. పట్టినవానిని జాగు చేయక, ఎంత ఆలస్యమైనను ఆరు గంటలలోపుగా, పోలీసులకు అప్పగింపవలెను. కట్టివైచి కొట్టు హక్కు ఎవరికిని లేదు. 112 అను సంఖ్యకు ఫోను చేసినచో పోలీసులు వత్తురు. వారు వచ్చువరకు ఆ మనిషి ప్రాణమునకు పూచీ మనది. పలుకనివాడు, మన భాష రానివాడు, మతి స్థిమితము లేనివాడు చిక్కినప్పుడు మరింత జాగ్రత్త వలయును. మాండవ్యుడును పలుకలేదు సుమండీ!

నా చిన్నతనమున నడిరేయి మెలకువ వచ్చినప్పుడు వీధిలో “పారా హుషార్” అను కేక వినబడెడిది. ఆ కేక వినగానే భయము తీరి మరల నిద్రపట్టెడిది. ఆ కేక దొంగకు హెచ్చరిక, గృహస్థునకు అభయము. బాటలో చిక్కుకొన్న పరదేశికి సైతము అది ఇచట మనుష్యులున్నారను ధైర్యము. ముగ్గురికిని మూడు విధముల మేలు చేయు కేకయే నిజమైన కావలికేక. మీ ఊరి రాత్రులలో వినబడు కేక అట్టిదిగా నుండుగాక.